డబ్బా మీద పందెం

"టక్" మని చిన్న చప్పుడు. అంతే, హాల్లో మాటలన్నీ ఆగిపోయాయి.

టీవీలో హీరోయిన్ తండ్రి వేలు చూపించి అరుస్తూనే ఉన్నాడు. కానీ ఆయన కోపం ఎవరికీ వినబడడం లేదు. టీవీ కింద బల్ల మీద, సినిమా మాటలు స్పీకర్లకి అందించే రిసీవర్ డబ్బాలో నీలం అంకెలు ఆరిపోయి, ఎర్ర దీపం ఒకటి మిణుకుమిణుకుమంటోంది.

"అయిపోయిందా?" అన్నాడు అన్నదమ్ముల్లో పెద్దవాడు. సంతోషం దాచుకోవడానికి అతను పెద్దగా కష్టపడలేదు. "సగం సినిమా కూడా కాలేదే!"

చిన్న కోడలు రిమోట్ బటన్ నొక్కింది. మళ్ళీ నొక్కింది. ఎర్ర దీపం దాని పని అది చేసుకుంటూనే ఉంది.

"రిమోట్ మీద కోపం చూపిస్తే ఏం లాభం అమ్మాయ్? పోయిన ఆదివారం ఇదే హాల్లో కూర్చుని ఏమన్నావు నువ్వు? ఈ డబ్బా సినిమా మొత్తం ఆగకుండా వినిపిస్తే హాలు హాలుగానే ఉంటుంది, మధ్యలో చచ్చిపోతే మీ ఫ్యాన్ల పెట్టెలు తెచ్చి పెట్టుకోండి అన్నావా, లేదా?"

"అన్నాను."

"చచ్చిపోయిందా, లేదా?"

"ఆగింది బావగారూ. చావలేదు."

పెద్దవాడు నవ్వాడు. ఫ్యాన్ల ఏజెన్సీ నడిపే మనిషి, గొంతులో ఎప్పుడూ కొంచెం గాలి ఎక్కువే. గోడౌన్ చాలడం లేదని ఎన్నాళ్ళ నుంచో ఈ హాలు మీద కన్నేసి ఉన్నాడు. హాలు పెట్టెలకి పోతే, అందులో ఉన్న అత్తగారి మంచమూ, కుట్టు మిషనూ వంటింటి వెనక కిటికీ లేని గదిలోకి పోతాయి. ఆ ఏర్పాటు గురించి అత్తగారిని ఎవరూ అడగలేదు. ఆ ఇంట్లో ఆవిడని అడిగే అలవాటు ఎవరికీ లేదు.

"ఏమంటున్నాడూ?" అంది అత్తగారు.

పెద్ద కోడలు అలవాటు కొద్దీ ఆవిడ చెవి దగ్గరికి వంగింది. "సినిమాలో ఏమీ అనట్లేదు అత్తయ్యా. డబ్బా ఆగిపోయింది."

పెళ్ళై వచ్చిన దగ్గర నుంచీ పెద్ద కోడలికి ఇదే ఉద్యోగం. ఎదుట ఉన్నవాళ్ళ మాట వినబడుతుంది గానీ, టీవీలో ఉన్న పీల గొంతు అత్తగారికి అందదు. హీరో ఒక మాటంటే దాన్ని ఈవిడ మళ్ళీ ఆవిడ చెవిలో అనాలి. అది అనేలోపు హీరోయిన్ ఇంకో మాట అనేస్తుంది. అలా ఆ ఇంట్లో పెద్ద కోడలు ఒక్క సినిమా కూడా తనకోసం చూసిన పాపాన పోలేదు.

చిన్న కోడలు ఈ రిసీవర్ కొన్నది అందుకే. కొట్లో ఉన్నవాటన్నిట్లో చవకైనది, నిజమే. కానీ దానికి మధ్యలో పెట్టే స్పీకరు విడిగా ఉంది. మనుషుల మాటలు అందులోంచే వస్తాయి. పాటలూ ఫైటింగులూ అలాగే ఉంచి ఆ ఒక్కదాని గొంతు పెంచుకోవచ్చు. మొదటిసారి పెంచి పెట్టిన రోజున అత్తగారు ఉలిక్కిపడి, "ఈ అబ్బాయి గొంతు ఇంత బాగుంటుందా!" అంది. ఆ పక్కనే పెద్ద కోడలు చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఏం చెయ్యాలో తెలియనిదానిలా కూర్చుండిపోయింది.

"ఒక్క అవకాశం ఇవ్వండి బావగారూ. ఏదో వైరు తగులుతూ ఉంటుంది. చూస్తాను."

"చూడు, చూడు. నాకేం తొందర? ఎలాగూ రాసిపెట్టి ఉన్నది జరుగుతుంది."

చిన్న కోడలు బల్ల వెనక్కి దూరింది. వాషింగ్ మిషన్ల కంపెనీ ఫిర్యాదుల విభాగంలో ఆమె ఉద్యోగం. పొద్దుట నుంచి సాయంత్రం దాకా చెవికి ఫోను తగిలించుకుని, తిట్టే జనాన్ని బుజ్జగిస్తూ, ప్లగ్గు పెట్టారా సార్, కుళాయి తిప్పారా మేడమ్ అని అడుగుతూ ఉంటుంది. అందుకే పెద్దవాడికి ఆమె నోటి మాట ఎప్పుడూ వేళాకోళమే.

"ఏదీ, ఆ ఆఫీసు గొంతుతో ఓసారి అడుగు. ప్లగ్గు పెట్టారా మేడమ్?"

"పెట్టాను సార్. మీ సహకారానికి ధన్యవాదాలు సార్," అంది ఆమె బల్ల వెనకాల నుంచి.

అత్తగారికి ఆ మాట వినబడిందో లేదో గానీ, పెద్ద కోడలు మాత్రం నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

చిన్నవాడు టార్చి పట్టుకుని పెళ్ళాం వెనకాలే దూరాడు. అతను బళ్ళో డ్రాయింగు మాస్టారు. చెట్టు గీయమంటే చెట్టు, ఇల్లు గీయమంటే ఇల్లు గీసి చూపిస్తాడు. అన్నగారి ముందు మాత్రం గీత గీయడం చేతకాదు.

"మీ అన్నయ్య అంతలేసి మాటలంటుంటే టార్చి పట్టుకుని నిలబడతారేం?" ఆమె గుసగుసగా అడిగింది.

"పట్టుకోమన్నది నువ్వేగా?"

"టార్చి పట్టుకోమన్నాను. నోరు కట్టేసుకోమనలేదు."

"అన్నయ్య సంగతి నీకు తెలీదా? తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటాడు."

"ఆ నాలుగో కాలు మీరు చూపించొచ్చుగా!"

అతను టార్చి ఇంకో వైరు మీదికి తిప్పాడు.

ఆమె ఒక్కొక్క స్పీకరు వైరూ విప్పింది. రాగి పోగు ఒక్కటి పక్కకి వెళ్ళి రెండో వైరుని తాకినా రిసీవర్ భయపడి ఆగిపోతుంది. తనని తాను కాల్చుకోకుండా ఉండడానికి దానికి ఆ తెలివి ఇచ్చారు. ఆ సంగతి ఆమెకి కొన్న రోజునే తెలుసు. పోగులన్నీ మళ్ళీ మెలిపెట్టి, రంధ్రాల్లో దూర్చి, గట్టిగా బిగించింది. ప్లగ్గు పీకి కాసేపు ఊరుకుంది. పెద్దవాడు కుర్చీ చేతి మీద వేళ్ళతో దరువు వేస్తున్నాడు.

మళ్ళీ పెట్టింది. ఎర్ర దీపం పోయి నీలం అంకెలొచ్చాయి. సినిమా వెనక్కి జరిపి, మాట ఆగిన చోటి నుంచి వేసింది.

"...నా గడప దాటితే మళ్ళీ ఈ ఇంటి ముఖం చూడకు!" హీరోయిన్ తండ్రి గొంతు హాలంతా మోగింది.

"అబ్బ! ఎంత మాటన్నాడు!" అత్తగారు గుండె మీద చెయ్యి వేసుకుంది.

పెద్ద కోడలు సోఫాలో ముందుకి జరిగి కూర్చుంది. చిన్న కోడలు చెమట తుడుచుకుని బల్ల పక్కనే నేల మీద చతికిలబడింది. తెర మీద అమ్మాయి పెట్టె సర్దుకుంటోంది. తల్లి తలుపు దగ్గర నిలబడి ఏడుస్తోంది. అత్తగారు ప్రతి మాటకీ తలాడిస్తోంది.

అమ్మాయి గడప దగ్గరికి వచ్చి వెనక్కి తిరిగింది. నోరు తెరిచింది.

టక్.

"ఏమందీ?" అంది అత్తగారు.

"ఏమందో!" అంది పెద్ద కోడలు. చెవిలో చెప్పడానికి ఈసారి ఆమె దగ్గర ఏమీ లేదు.

పెద్దవాడు చప్పట్లు కొట్టాడు. "నేను చెప్పలేదూ? చవక సరుకు తెచ్చి ఇంట్లో పెడితే ఇలాగే ఉంటుంది. ఇంకా చూస్తానంటావా? వైరు లూజా, మనిషి లూజా?"

చిన్న కోడలు ఆ మాట పట్టించుకోలేదు. ఆసరా కోసం డబ్బా మీద చెయ్యి వేసి లేవబోయింది. చెయ్యి చురుక్కుమంది. పొయ్యి మీది పెనం ముట్టుకున్నట్టు వెనక్కి లాక్కుంది.

ఆ క్షణంలో ఆమెకి అంతా తెలిసిపోయింది.

రిసీవర్ పైన గీతలు గీతలుగా సందులుంటాయి. లోపలి వేడి అక్కణ్ణించే పోవాలి. ఆ సందులన్నిటినీ మూసేస్తూ దాని మీద నల్ల వెల్వెట్ కవరు ఉంది. ముందు వైపు అంకెలు కనబడడానికి పలచటి ప్లాస్టిక్ కిటికీ, అంచుల చుట్టూ ఎర్ర పైపింగు. దర్జీ కూడా అంత ముచ్చటగా కుట్టలేడు. కుట్టింది అత్తగారు.

ఆ ఇంట్లో కవరు లేని వస్తువు లేదు. మిక్సీకి ఉంది, ఫ్రిజ్ పిడికి ఉంది, రిమోట్‌కి ఉంది. కుట్టు మిషనుకి ఒక కవరు ఉంది, ఆ కవరు ఉతికిన రోజున తొడగడానికి ఇంకో కవరు ఉంది. ఇంట్లోకి ఏ వస్తువు వచ్చినా అత్తగారు టేపు పట్టుకుని దాని కొలతలు తీస్తుంది. అలా తీసిందంటే ఆ వస్తువు ఇంక ఈ ఇంటిదే అని అర్థం.

చిన్న కోడలికి ఆ ఇంట్లో అంతవరకూ ఎవరూ కొలతలు తీయలేదు. ఈ పెళ్ళి అత్తగారు కుదిర్చింది కాదు. మాటలు ఉండేవి, కానీ అవన్నీ అన్నం పెట్టనా, తలుపు వేశావా అన్నంత వరకే. ఈ వారం మొదట్లో ఆఫీసు నుంచి వచ్చేసరికి రిసీవర్ మీద ఈ కవరు ఉంది. "దుమ్ము పడకుండా ఉంటుందిలే," అంది అత్తగారు, ముఖం అటు తిప్పుకుని. చిన్న కోడలు స్నానాల గదిలోకి వెళ్ళి, నీళ్ళు తిప్పి, కరువుతీరా ఏడ్చింది. పైన కప్పకూడదని రిసీవర్‌తో వచ్చిన పుస్తకంలో చదివిన సంగతి అప్పుడు ఆమెకి గుర్తు రాలేదు. గుర్తొచ్చినా ఆ కవరు తీసేదేనా!

మెషీన్ మీద ఏమైనా కప్పారా మేడమ్? ఫోనులో రోజూ అందరినీ అడిగే ప్రశ్న. ఈ ఒక్క ఇంట్లో మాత్రం అడగలేదు.

ఇప్పుడు నోరు విప్పితే హాలు మిగులుతుంది. కానీ పందెం అత్తగారి వల్లే పాడైందని ఇంతమందిలో చెప్పాలి. పెద్దవాడి నోరు ఆ తరవాత ఊరుకుంటుందా! విప్పకపోతే అత్తగారి మంచం కిటికీ లేని గదిలోకి వెళుతుంది. మింగలేక, కక్కలేక ఆమె అలాగే నిలబడింది.

"ఏమైంది?" చిన్నవాడు అడిగాడు.

"వైరే. ఇంకా లూజుగా ఉంది," అందామె.

"చెయ్యెందుకలా లాక్కున్నావు?" మంచం మీద నుంచి అత్తగారు అడిగింది. చెవి మందమే గానీ ఆవిడ కళ్ళు సూదిలో దారం ఎక్కించే కళ్ళు.

"ఏం లేదు అత్తయ్యా."

"కాలిందా?"

చిన్న కోడలు చెయ్యి వెనక్కి దాచుకుంది. అత్తగారు మోకాళ్ళు పట్టుకుని లేచింది. ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వచ్చి, అరచెయ్యి వెల్వెట్ మీద ఆనించింది. ఆనించిన చెయ్యి తీయలేదు.

"ఇంత వేడి ఎటు పోతుంది, పైనంతా మూసి పెడితే!" అంది ఆవిడ.

రెండు చేతులతో కవరు పట్టుకుని పైకి లాగింది. లోపల్నించి వేడి గాలి ఒక్కసారి ముఖానికి కొట్టింది.

"తప్పు డబ్బాది కాదు. నాది."

"మీ ఒక్కరిదే కాదు అత్తయ్యా, నాకు తెలిసుండాలి. రోజంతా ఊరందరికీ ఇదే చెబుతాను నేను."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

చిన్న కోడలు ఆ ఎర్ర పైపింగు వంక చూసింది. "మీరు నాకోసం కుట్టారు."

అత్తగారు ఆమె వంక చూసింది. ఆ చూపులో విసుగూ ఉంది, అంతకన్నా ఎక్కువగా ఇంకేదో ఉంది. "పిచ్చి మొహమా! ఇంకోటి కుడతాను. పైన వల గుడ్డ వేసి కుడతాను. దానికోసం నోరు మూసుకుంటావా?"

"ముచ్చట్లు తరవాత," పెద్దవాడు అడ్డొచ్చాడు. "పందెం పందెమే. డబ్బా ఆగింది. ఒకసారి కాదు, రెండుసార్లు."

"పందెం డబ్బా మీదా, నా కవరు మీదా?" అంది అత్తగారు.

"అమ్మా, నీకు తెలియదు, నువ్వు కూర్చో."

"కూర్చుని కూర్చునే ఇంత దూరం వచ్చిందిరా."

చిన్న కోడలు బావగారి ఎదురుగా వెళ్ళి నిలబడింది. ఇందాకటి వరకూ గొంతులో ఉన్న ఆఫీసు మర్యాద ఇప్పుడు లేదు. "కవరు లేకుండా వేస్తాను. మిగతా సినిమా కాదు, మొత్తం మొదటి నుంచి. ఇప్పుడు ఒక్కసారి ఆగినా నేనే మంచం అవతల గదిలోకి మోస్తాను. ఆగకపోతే ఈ హాలు మాట మీ నోటంట మళ్ళీ రాకూడదు."

"చల్లారాలిగా ముందు!"

ఆ మాటకి ఎవరూ అనుకోని చోటి నుంచి జవాబొచ్చింది. చిన్నవాడు టార్చి బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళాడు. టేబుల్ ఫ్యాను మోసుకొచ్చి, రిసీవర్ ఎదురుగా పెట్టి స్విచ్ వేశాడు.

పెద్దవాడు కళ్ళు పెద్దవి చేశాడు. "అది నా ఏజెన్సీ ఫ్యాను!"

"అవునన్నయ్యా," అన్నాడు చిన్నవాడు. "బాగా తిరుగుతోంది."

చిన్న కోడలు మొగుడి వంక చూసి, చూడనట్టు ముఖం తిప్పుకుంది. కానీ పెదవులు ఆమె మాట వినలేదు.

డబ్బా చల్లబడింది. నీలం అంకెలు వచ్చాయి. సినిమా మొదటికి వెళ్ళబోతుంటే పెద్ద కోడలు గభాల్న అంది, "చెల్లీ, ముందా అమ్మాయి ఏమందో విననీ. తరవాత మొదటి నుంచి వేద్దువుగాని."

చిన్న కోడలు ఆగిన చోటనే వేసింది. గడప దగ్గర అమ్మాయి నోరు తెరిచింది. ఆమె మాట బయటికి వచ్చే లోపల, వీధిలోంచి హారన్ మోగింది. ఆగకుండా మోగింది.

చిన్నవాడు కిటికీ దగ్గరికి వెళ్ళి చూశాడు. "నీ వ్యానే అన్నయ్యా. వెనకంతా పెట్టెలున్నాయి."

చిన్న కోడలు సినిమా ఆపింది.

పెద్దవాడి ముఖం దొంగకి తేలు కుట్టినట్టయింది. తరవాత చొక్కా సర్దుకుని లేచాడు.

"డబ్బా మొదటిసారి ఆగింది ఇందాకే," అంది చిన్న కోడలు. "అన్ని పెట్టెలు ఎక్కించి ఇక్కడిదాకా రావడానికి వ్యాన్‌కి ఎప్పుడు చెప్పారు బావగారూ?"

"నిన్న చెప్పాను. అయితే ఏంటట?"

"నేను గెలిస్తే?"

"గెలిచినా పెట్టెలొస్తాయి, ఓడినా వస్తాయి. మీ పిల్లలాటల కోసం నా వ్యాపారం ఆపుకుంటానా?"

"మరి పందెం ఎందుకు ఒప్పుకున్నారు?"

"ఒక వారం పాటు నీ నోరు మూయించడానికి!"

ఆ మాట అతను గట్టిగానే అన్నాడు. ఎవరూ ఎవరి చెవిలోనూ తిరిగి చెప్పవలసిన పని లేకుండా అత్తగారికి చేరింది. చిన్నవాడి చేతులు కిటికీ ఊచల మీద బిగుసుకున్నాయి. పెద్ద కోడలు మొగుడి ముఖంలోకి చూస్తోంది. కొత్త మనిషిని చూసినట్టు చూస్తోంది.

"వాళ్ళని వెనక్కి పంపించు," అంది అత్తగారు.

"అమ్మా, ఈ ఇంటికి పెద్దవాణ్ణి నేను. నాకు తెలుసు ఏం చెయ్యాలో."

"పెద్దవాడివి నువ్వే, కాదన్నదెవరు? ఇల్లు మాత్రం నాది. నా మంచం ఇక్కణ్ణించి కదలదు. నా మిషనూ కదలదు. ఈ పిల్ల డబ్బా కూడా కదలదు."

"నువ్వేనా మాట్లాడుతున్నది? ఎవరు నేర్పారు నీకీ మాటలు?"

"ఒకరు నేర్పితే వచ్చే వయసుట్రా నాది!"

పెద్దవాడి ముఖం కందిపోయింది. కోపం వస్తే మనిషి తిన్నగా ఆలోచించలేడు. అందులో అతను మరీను. గబగబా వచ్చి టీవీ ముందు, అందరికీ అడ్డంగా నిలబడ్డాడు.

"సరే. నా మాటకి విలువ లేని చోట నేనుండను. ఇవాళే, ఇప్పుడే వెళ్ళిపోతాను. ఆ వ్యాన్‌లోనే వెళతాను." పెళ్ళాం వైపు చెయ్యి చాపాడు. "లే. బట్టలు సర్దు."

పెద్ద కోడలు లేవలేదు.

"నిన్నే! లేవమన్నాను."

హారన్ మళ్ళీ మోగింది. ఇన్నేళ్ళలో పెద్ద కోడలు మొగుడి మాటకి ఎదురు చెప్పగా ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. ఆమె సొంత మాట అంటూ ఒకటి ఎలా ఉంటుందో కూడా ఎవరికీ తెలియదు.

"ఏమండీ," అంది పెద్ద కోడలు, చాలా మెల్లగా. "కొంచెం పక్కకి జరగండి. టీవీ కనబడట్లేదు."

"ఏంటీ? జరగనంటే ఏం చేస్తావు?"

ఆమె ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. ఆమె కళ్ళలో భయం ఉంది, అది అందరికీ కనబడుతూనే ఉంది. తరవాత లేచింది. లోపలి గదిలోకి, బట్టల బీరువా వైపు వెళుతుందనుకున్నారు. పెద్దవాడు అలాగే అనుకుని పక్కకి జరిగి దారి ఇచ్చాడు. ఆమె ఆ దారినే, అతన్ని దాటుకుని, వీధి గుమ్మం వైపు నడిచింది.

"ఎక్కడికి?"

"వ్యాన్ దగ్గరికి. మీరు చెప్పేలా లేరు, నేనే చెబుతాను."

"ఏమని చెబుతావు? నువ్వు ఆ గుమ్మం దాటి వాడితో ఒక్క మాట మాట్లాడావంటే..."

పెద్ద కోడలు ఒక కాలు గుమ్మం అవతల పెట్టి, వెనక్కి తిరిగింది. మొగుడి వైపు కాదు, తోడికోడలి వైపు చూసింది.

"చెల్లీ, నేనొచ్చేదాకా సినిమా ఆపే ఉంచు. ఆ అమ్మాయి ఏమందో నేనూ వినాలి."